చింపినట్టు కనబడొద్దు

కొత్తగా పత్రికలో చేరి, మొదటి వార్త అచ్చులో చూసుకోకముందే బండి మీద ‘ప్రెస్’ అని రేడియం అంటించుకునే తమ్ముళ్లను, చెల్లెళ్లను ఇప్పటికీ చూస్తుంటాను. వద్దనను. నేనూ అంటించుకున్నవాణ్నే. వెలుతురు పడితే ఎర్రగా మెరిసే ఆ పట్టీని మా నల్లగొండ, పాలమూరు వైపు రేడియం అంటారు. బస్టాండు దగ్గర స్టిక్కర్ల దుకాణంలో అడిగితే చిటికెలో కోసి, వెనక కాగితం లాగి, అరచేత్తో ఒకసారి రుద్ది పంపిస్తారు. దాన్ని తీయడం ఎట్లాగో మాత్రం ఆ దుకాణంలో ఎవరూ చెప్పరు. అడిగేవాళ్లు కూడా ఉండరు. అంటించుకునే రోజున తీసే రోజు గురించి ఎవరు ఆలోచిస్తారు?

ఆ పని ఒకసారి దగ్గరుండి చూశాను, చేయి కూడా వేశాను. ఉద్యోగంలో ఉండగా ఎన్నికలు చూశాను, కరువులు చూశాను, రాష్ట్రం రావడం, జిల్లాలు చీలడం చూశాను. వాటి మీద రాసిందంతా ఎక్కడో పాత కట్టల్లో పడి ఉంది. వెతికి తీయాలని కూడా లేదు. రేడియం తీసిన రోజు మాత్రం ఎక్కడా అచ్చు కాలేదు. అందుకే కాబోలు, ఇంకా నా దగ్గరే ఉండిపోయింది.

మా వృత్తిలో ఒక అలవాటు ఉంది. మండలాల్లో వార్తలు రాసేవాళ్లను జిల్లా ఆఫీసులో పేరుతో పిలవరు, ఊరితో పిలుస్తారు. ‘ఆలేరు లైన్లో ఉన్నాడు’, ‘కేతేపల్లి ఇంకా ఏం పంపలేదు’, ‘కొల్లాపూర్‌కు జ్వరమట’. వినేవాళ్లకు వింతగా ఉంటుంది గాని, లోపల పనిచేసేవాళ్లకు ఆ పిలుపులో ఏ తప్పూ కనిపించదు. నేను కూడా మొదట కేతేపల్లిగా ఉన్నాను. తర్వాత ఆలేరునయ్యాను. రైలు ఆలస్యాలు, మార్కెట్‌లో పత్తి ధరలు రాసి రాసి, కొన్నేళ్లకు స్టాఫ్ రిపోర్టర్‌నయ్యి మహబూబ్‌నగర్ ఆఫీసుకు మారాను. అప్పుడే నన్ను నా పేరుతో పిలవడం మొదలైంది. మొదట్లో ఎవర్నో పిలుస్తున్నట్టు అనిపించేది.

ఇది కొల్లాపూర్ గురించి. అంటే కొల్లాపూర్‌లో మా పత్రికకు రాసే ఆయన గురించి. నాకంటే కొంచెం పెద్ద. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఇల్లు పట్టణంలో కాదు, నది వైపు వెళ్లే దారిలో ఒక చిన్న ఊళ్లో. సేద్యం చేసే కుటుంబం. పొద్దున్నే పేపరు పంచేది ఆయనే, మధ్యాహ్నం వార్త రాసేది ఆయనే. ఆయన వార్త ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేది. వచ్చాక మాత్రం దిద్దే పని ఉండేది కాదు. ‘జర తొందరగ పంపు అన్నా’ అని నేనంటే, ‘మనిషి సచ్చిండో లేదో సూసిరావద్దా సార్’ అనేవాడు.

ఆయన బండికి రెండు పక్కలా రెండు రేకు డబ్బాలుండేవి. కొల్లాపూర్ బజారులో పెళ్లి ట్రంకు పెట్టెలు చేసే ముస్లిం పెద్దాయన ఒకరుండేవారు, అందరూ పెట్టెల సాబు అనేవాళ్లు. ట్రంకు రేకుతోనే ఆయన ఆ డబ్బాలు చేసిచ్చాడు. పేపర్ల కట్టలు పడవ మీద నది దాటేటప్పుడు కూడా తడవకుండా మూతలు బిగుతుగా ఉండేవి. వాటికి వేసిన ముదురాకుపచ్చ రంగు సాబు తన చేత్తో కలిపింది. అటువంటి రంగు నేను ఇంకే బండి మీదా చూడలేదు. ఆ రెండు డబ్బాల బయటి వైపు, ఒక్కో దానికి ఒక్కో ఎర్ర రేడియం పట్టీ. దాని మీద తెల్లటి అక్షరాల్లో ‘ప్రెస్’, కింద చిన్నగా మా పత్రిక పేరు.

రాష్ట్రం వచ్చి జిల్లాలు చీలినప్పుడు మా పని పెరిగింది. కొత్త జిల్లాకొక పేజీ, అన్నీ మా ఆఫీసు నుంచే, పేజీకొక పోటీ. తర్వాత కరోనా వచ్చింది. పేజీలు పలచబడ్డాయి. ఒకరోజు హెడ్డాఫీసు నుంచి మాట వచ్చింది. మండలాల్లో పాతవాళ్లలో చాలామందికి విలేకరి కార్డులు మళ్లీ ఇవ్వడం లేదు. ఉన్న కార్డులు వెనక్కి తీసుకోవాలి. బండ్ల మీద పత్రిక పేరు ఉండకూడదు. ఈ మాట చెప్పాల్సింది మేము, వినాల్సింది వాళ్లు.

అదే రోజుల్లో ఊళ్లలో ఇంకొకటి జరుగుతుండేది. ఏ పత్రికకూ రాయనివాళ్లు కూడా బండికి ప్రెస్ అని పెట్టుకుని తిరుగుతున్నారని చౌరస్తాల్లో తనిఖీలు పెట్టారు. కార్డు లేకపోతే రేడియం అక్కడికక్కడే పీకేవాళ్లు. అది ఊరికే ఊడి వచ్చేది కాదు. సగం చినిగి, సగం మిగిలి, కింద రంగు పోయి, జిగురుకు దుమ్ము పట్టి నల్లబడి ఉండేది. అట్లాంటి బండి కనిపిస్తే చాయ్ దుకాణం దగ్గర కూర్చున్నవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవాళ్లు, ‘అగో, డూప్లికేటు విలేకరి’ అని.

కార్డులు వెనక్కి తీసుకునే రోజున కొల్లాపూర్ అందరికంటే ముందొచ్చాడు. జీవితంలో మొదటిసారి తొందరగా వచ్చాడని ఎవరో అన్నారు, ఎవరూ నవ్వలేదు. కార్డు నా బల్ల మీద పెట్టాడు. మెడలో వేసుకునే తాడును కూడా మడిచి పక్కన పెట్టాడు.

“ఇగ గీ రేడియం ఒక్కటి తీసిపెట్టాలె సార్,” అన్నాడు.

“మీ కొల్లాపూర్‌లనే తీపిచ్చుకుంటె అయిపోవు గదా అన్నా. గింత దూరం దాన్ని ఏసుకొని వచ్చినవు.”

“దుకాణం బస్టాండు ముంగటనే ఉన్నది. ఆడ నిలబడి తీపిచ్చుకుంటె ఊరంత జూస్తది. ఇప్పుడు కార్డు గూడ మీకిచ్చేసిన. పోయేటప్పుడు చౌరస్తల ఆపితె ఏం జూపియ్యాలె? ఇక్కడనే తీసేసుకొని పోత.”

“సరె, తీద్దాం. అదెంత పని.”

“ఒక్కటే సార్.” ఆయన గొంతు తగ్గించాడు. “చింపినట్టు కనబడొద్దు. పోలీసోళ్లు పీకిన బండ్లను జూస్తున్నరు గదా. మాది గూడ గట్లనే ఉంటె మా ఊరోళ్లు నన్ను గా లెక్కలనే ఏస్తరు. ఇన్నేండ్లు వీడు దొంగ విలేకరే ఉండెనేమో అంటరు. డబ్బా మీద గీత పడొద్దు. నేనే ఇడిచిపెట్టిన అన్నట్టుండాలె.”

కార్డు తీసుకున్నందుకు ఆయన ఒక్క మాట అనలేదు. ఈ ఒక్కటే అడిగాడు. ఆ రోజు ఆయన ఆఫీసు నుంచి తీసుకుపోవాలనుకున్నది అదొక్కటే.

ఆఫీసు వెనక చిన్న ఖాళీ జాగా ఉండేది. బండి అక్కడ పెట్టాం. పేజీ పెట్టే ఆపరేటరు, ఫొటోగ్రాఫర్ భాయ్, నేను, కొల్లాపూర్, అంతే. మా ఆపరేటరు గురించి ఒక మాట చెప్పాలి. కంప్యూటర్ల మీద పేజీ మొత్తం తయారయ్యే కాలానికి ముందు, వార్తల్ని బ్రోమైడ్ కాగితం మీద తీసి, ముక్కలుగా కోసి, పెద్ద షీటు మీద చేత్తో అంటించేవాళ్లు. ఒక వరుస తప్పు పడితే బ్లేడు మొనతో దాన్ని లేపి, సరైన వరుసను అక్కడ పెట్టేవాళ్లు. మా ఆపరేటరు ఆ పనితోనే మొదలయ్యాడు. ఆయన లేపితే కింద షీటు మీద గాటు కనిపించేది కాదని పాతవాళ్లు చెప్పుకునేవాళ్లు. కంప్యూటర్లు వచ్చాక ఆ చేతితో పనిలేకుండా పోయింది. బ్లేడు మాత్రం సొరుగులో ఉంచుకున్నాడు, అప్పుడప్పుడు పెన్సిల్ చెక్కుకోవడానికి.

ఆ రోజు బ్లేడు తీసుకొచ్చాడు. మొహంలో వెలుగు.

“ఇటు జరుగున్రి సార్. బ్రోమైడ్ లేపిన చెయ్యి ఇది.”

“పైలం తమ్మీ,” అన్నాడు కొల్లాపూర్.

“మీరు ఫికర్ జేయకున్రి పెద్దన్నా. మీ వార్తలల్ల ఎన్ని తప్పులు లేపిన, ఒక్కనాడన్న గీత పడ్డదా?”

“నా వార్తల తప్పులు యాడియిరా?”

భాయ్ నవ్వాడు. ఆపరేటరు ఎడమ డబ్బా ముందు గొంతుక్కూర్చుని పట్టీ మూల కింద బ్లేడు పెట్టాడు.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ తప్పు మా ఆఫీసులోనే జరగాలి, ఇంకెక్కడా జరగదు అనిపిస్తుంది. మెకానిక్ దగ్గరకో, రంగులు వేసేవాడి దగ్గరకో పోయి ఉంటే వాళ్లు ముందు ఒక నిమిషం ఆగి చూసేవాళ్లు. మేము ఆగం. మా ఉద్యోగాలు అట్లా తయారుచేశాయి మమ్మల్ని. సాయంత్రానికి పేజీ పోవాలి, ఏ పని చేసినా దాని వెనక ఎవరో తరుముతున్నట్టే చేస్తాం. ఆపరేటరు చేయి కూడా ఆ వేగంతోనే పోయింది. బ్రోమైడ్ నిన్న అంటించిన కాగితం, తడి ఆరని జిగురు. ఈ రేడియం ఏళ్ల తరబడి ఎండలో కాలి పెళుసుబారింది. మూల లేవలేదు, పెచ్చులుగా విరిగింది. ఆయన ఇంకొంచెం అదిమాడు. బ్లేడు జారింది. పచ్చ రంగు మీద తెల్లగా ఒక గీత, డబ్బా సగం దాకా.

అక్కడ ఆపినా బాగుండేది. గీత కనిపించకుండా చేద్దామన్న కంగారులో ఆయన మిగతా పట్టీని గబగబా గీకాడు. అక్షరాలతో పాటు కింద రంగు కూడా పొట్టు పొట్టుగా లేచింది. రేకు బయటపడింది.

“పెట్రోలు పెట్టి తుడిస్తె మంచిగైతది,” అని భాయ్ గుడ్డ ముంచి కింది మూలన ఒకసారి రుద్దాడు. గుడ్డ పచ్చగా వచ్చింది. ఆయన గుడ్డను చూసి, డబ్బాను చూసి, చేయి వెనక్కి తీసుకున్నాడు. “తౌబా,” అన్నాడు మెల్లగా.

కొల్లాపూర్ వంగి భుజం మీది తువ్వాలతో పొట్టును తుడిచాడు. గీత మీద బొటనవేలు పెట్టి ఆ కొస నుంచి ఈ కొస దాకా పోనిచ్చాడు. తిడితే మాకు తేలికగా ఉండేది.

“సేమ్ రంగు తెచ్చి ఏపిస్త పెద్దన్నా, ఇప్పుడే పోయి తెస్త,” అన్నాడు ఆపరేటరు.

“యాడ తెస్తవు? గీ రంగు కలిపిన సాబు పోయిండు గద, కరోనాల.” కొల్లాపూర్ లేచి నిలబడ్డాడు. “డబ్బాలు ఇచ్చిన్నాడే చెప్పిండు సాబు. దీని మీద ఏం అంటియ్యకు బిడ్డా, రంగే నీ గుర్తు అన్నడు. నేనే ఇనలే. ప్రెస్ అని లేకుంటె విలేకరి అని ఎట్ల తెలుస్తది అన్న.” కుడి డబ్బా వైపు చూపించి, “ఇటు దిక్కు అయ్యింది అయ్యింది. అటు దిక్కు ముట్టకున్రి,” అన్నాడు.

భాయ్ వెళ్లి చాయ్ చెప్పి వచ్చాడు. గోడ నీడలో నిలబడి తాగాం. హెడ్డాఫీసు నుంచి ఫోన్ రావడం మొదలైంది. మొదటి పేజీకి ఏముంది, లోపలికి ఏముంది. నేను ఎత్తి ఏదో చెప్పి పెట్టేశాను. ఇంత పనికి ఇంతమందిమి నిలబడి ఉన్నామా అని ఒక పక్క విసుగు. ఆయన అడిగిన ఒక్కటి కూడా చేయలేకపోయామే అని ఇంకో పక్క. ఆ ఏడాదంతా నాకు ఆ రెండు విసుగుల మధ్యనే గడిచినట్టు గుర్తు.

బండి కుడి పక్కకు ఎండ తగులుతూ ఉంది. చాయ్ అయ్యాక కొల్లాపూర్ అటు పోయి నిలబడ్డాడు, చేయి డబ్బా మీద వేసుకుని. ఊరికే నిలబడ్డాడనుకున్నాను. కొంతసేపటికి పిలిచాడు.

“సార్, జర ఇటు రాన్రి. గిది మెత్తగైంది.”

గోటితో మూల తాకి చూపించాడు. మూల విరగలేదు. వంగింది, తోలులాగ. ఎండకు కాలి కాలి జిగురు కొంచెం కరిగింది. అట్లా అని పనంతా చేసేంత ఎండ లేదు, చలికాలం.

“ఇంక జర కాగితె ఒస్తదేమో,” అన్నాడు భాయ్. అని ఊరుకోకుండా పక్క సందులో ఉన్న సెలూన్‌కు పోయి, తల ఆరబెట్టే మిషను అడిగి తెచ్చాడు. వెనకనే సెలూన్ ఆయన కూడా వచ్చాడు, మిషను ఎక్కడికి పోతుందో చూద్దామని. కిటికీలోంచి వైరు లాగాం.

“దగ్గర పెట్టకు భాయ్, రంగు కాలుతది,” అన్నాను నేను.

“పోరగాని తలకు పెట్టినట్టు పెట్టున్రి,” అన్నాడు సెలూన్ ఆయన. “చెయ్యి ఆడిస్తనే ఉండాలె. ఒక్కకాడ నిలిపితె కాలుతది.”

మూల లేచింది. ఇక దాని కిందికి ఏం పెట్టాలన్నది సమస్య. బ్లేడు పేరు ఎవరూ ఎత్తలేదు. కొల్లాపూర్ డబ్బా మూత తీసి, లోపల చుట్టి పెట్టిన నైలాను దారం బయటికి తీశాడు. పడవలో పేపర్ల కట్టలు కదలకుండా కట్టుకోవడానికి జాలరులు ఇచ్చిన వలదారం. ఒక కొస ఆయన పట్టుకున్నాడు, ఒక కొస నాకు ఇచ్చాడు. లేచిన మూల కింద దారం దూర్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగడం మొదలుపెట్టాం. నాకు తెలియకుండానే గబగబా లాగుతున్నాను.

“మెల్లగ సార్. తెగుతది.”

“పేజీ పోయే టైమైతున్నదన్నా.”

“అయితె మీరు పోన్రి. దారం భాయ్ పట్టుకుంటడు.”

ఫోన్ మళ్లీ మోగింది. గోడ దగ్గర ఒక్కడే నిలబడి ఉన్న ఆపరేటరు దగ్గరకొచ్చి నా చొక్కా జేబులోంచి ఫోన్ తీసుకున్నాడు. “పేజీ నేను జూసుకుంట. సార్ పనిల ఉన్నడని చెప్త. మీరు దారం ఇడువకున్రి,” అని లోపలికి పోయాడు. ఆ రోజు పేజీ ఆయన ఒక్కడే పెట్టాడు. ప్రధాన వార్త నేను చూడకుండా పోయిన పేజీ అదొక్కటే. ఆలస్యమైందని తర్వాత నాలుగు మాటలు పడ్డాను. అది వేరే.

భాయ్ గాలి కొట్టేవాడు, మేమిద్దరం లాగేవాళ్లం. కాస్త లాగడం, ఆగడం, మళ్లీ వెచ్చగా చేయడం. ఆ వేగం ఒంటికి పట్టేసరికి చాలాసేపు పట్టింది. పట్టాక ఒక రకమైన నిదానం వచ్చింది. కొల్లాపూర్ ఏవో చెప్పసాగాడు. నదికి వరదొచ్చి పడవలు ఆగినప్పుడు పేపర్లు మూడో రోజుకు అందించడం, అయినా జనం వాటినే చదవడం. పెట్టెల సాబు పెళ్లికూతుళ్ల ట్రంకులకు తాళం బిగించే ముందు లోపల ఒక చిటికెడు అత్తరు పూసేవాడట. “నా డబ్బాలల్ల గూడ పూసిండు సార్. ఒక నెల దినాలు పేపర్లన్ని అత్తరు వాసనొచ్చినయి. పెండ్లి పత్రికలు పంచుతున్నవా అని నవ్విన్రు.”

పట్టీ మొత్తం ఒకే ముక్కగా ఊడి వచ్చింది. అక్షరాలు ఒక్కటీ చెదరలేదు. జిగురు మాత్రం మిగిలింది. సెలూన్ ఆయన కొబ్బరినూనె ఇచ్చాడు. నూనె రాసి, కాసేపు ఉంచి, బొటనవేళ్లతో రుద్దితే మట్టి ఉండల్లాగా చుట్టుకుని వచ్చేసింది. తువ్వాలతో తుడిచాం.

గీత లేదు. గాటు లేదు. అయితే ఒకటి మేమెవరం అనుకోనిది కనిపించింది. పట్టీ ఉన్నంత మేర రంగు మొదటి రోజు ఉన్నట్టే ఉంది, ముదురుగా, తడిగా ఉన్నట్టు. చుట్టూ ఎండకు వెలిసిపోయిన పచ్చ. దూరం నుంచి చూసినా తెలిసిపోతుంది, ఇక్కడ ఏదో ఉండేది, ఇప్పుడు లేదు అని.

భాయ్ కెమెరా తెచ్చాడు. “ఒక ఫొటో తీస్త భాయ్‌జాన్, బండి పక్కన నిలబడు.”

“వద్దు భాయ్,” అన్నాడు కొల్లాపూర్. ముదురు పచ్చ మీద ఒకసారి అరచెయ్యి ఆనించి చూసుకున్నాడు. “గిది మంచిగనే ఉన్నది సార్. చింపినట్టైతె లేదు.”

ఎడమ డబ్బా మీద తువ్వాల కప్పి, మూత సందులో రెండు కొసలూ దోపాడు. పొద్దుగూకకముందే వెళ్లిపోయాడు. ఆపరేటరు కిటికీలోంచి చూశాడు గాని బయటికి రాలేదు. ఆ బ్లేడు తర్వాత సొరుగులో నాకు కనిపించలేదు.

కొన్ని రోజులకు ఆఫీసు ఫోన్ మోగింది. కొత్త గొంతు.

“సార్, కొల్లాపూర్‌ను మాట్లాడుతున్న.”

“ఎవరు?”

“కొల్లాపూర్ సార్. కొత్తగ చేరిన. వార్తొకటున్నది.”

వార్త రాసుకున్నాను. మంచి పిల్లవాడే, తొందరగా పంపేవాడు. అతన్ని ఆ ఊరి పేరుతో పిలవడానికి నాకు కొన్నాళ్లు నోరు రాలేదు. ‘తమ్మీ’ అని సరిపెట్టుకున్నాను. ఒకరోజు పేజీ హడావుడిలో, “కొల్లాపూర్ పంపిండా?” అని నా నోటనే వచ్చేసింది. పంపాడన్నారు. ఇక అంతే.

తర్వాత నా వంతు వచ్చింది. పదవీ విరమణ అంటే శాలువా, పూలదండ, సమోసా, చాయ్. అవన్నీ అయ్యాక బయటికొచ్చి బండి ఎక్కబోతే, సీటు వెనక డబ్బా మీద ఎర్రగా ‘ప్రెస్’. ఆపరేటరు పక్కనే ఉన్నాడు. “నేను తీస్త సార్,” అన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వాం. చాలా రోజుల తర్వాత నవ్విన నవ్వు అది, అందులోనూ అలసటే ఎక్కువ.

కొల్లాపూర్‌కు, అంటే పాత కొల్లాపూర్‌కు, ఫోన్ చేశాను. “రాన్రి సార్. మా ఊర్ల ఎండకు ఏం కొదువ లేదు,” అన్నాడు.

దారిలో ఆగుతూ ఆగుతూ పోయేసరికి మధ్యాహ్నం దాటింది. వాకిట్లో రేకుల షెడ్డు, దాని కింద ఆయన బండి. ఎడమ పక్క గోడకు ఆనుకుని ఉంది. కుడి డబ్బా బయటికి కనబడుతూ ఉంది. అక్కడ, ఆ ముదురు పచ్చ మీద, సరిగ్గా ఆ కొలతకే కోసి అంటించిన ఎర్ర రేడియం. అక్షరాలేవీ లేవు. వట్టి ఎరుపు.

అన్నం పెట్టాడు. తిన్నాక నా బండిని ఎండలోకి జరిపి, డబ్బా వేడెక్కేదాకా ఆగుదామన్నాడు. ఇద్దరం కూర్చున్నాం. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాను, ఆ రోజు ఊరికి పోయాక ఎవరేమన్నారని.

“ఎవ్వరేం అనలే సార్.” పాత వలదారాన్ని విప్పి వేలికి చుట్టుకుంటూ చెప్పాడు. “తొవ్వ పొడుగునా జవాబు తయారు జేసుకొని వచ్చిన. నేనే వద్దన్న, పానం మంచిగుంటలేదు, సేద్యం జూసుకుంట అని చెప్దామనుకున్న. ఎడమ దిక్కు గీత ఏందంటె లారీ రాసుకున్నదని చెప్దామనుకున్న. నెల దినాలు బండి గోడకు ఆనిచ్చే పెట్టిన. ఎవ్వడడిగితె గదా! నలుగుట్ల కూసుంటె గూడ, వానల గురించి మాట్లాడిన్రు గని గిది అడగలే. చూసిన్రో సూడలేదో గూడ తెల్వదు. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే సార్.”

మనం పరువు అనుకున్నదాన్ని కాపాడుకోవడానికి ఇద్దరం దారం పట్టుకుని కూర్చున్న ఆ సాయంత్రం గుర్తొచ్చింది.

“మరి గిదెందుకు మళ్ల అంటించినవు?” అన్నాను ఆ వట్టి ఎరుపును చూపిస్తూ.

ఆయన జవాబు చెప్పకముందే, పక్కింటి అవ్వ కర్ర ఊతంగా వాకిట్లోకి వచ్చింది. ఆమె బీపీ గోలీలు కొల్లాపూర్ బజారు నుంచి తెచ్చేది ఆయనే. నా బండి దగ్గర ఆగి, డబ్బా మీది రేడియంను, ఆయన చేతిలో దారాన్ని చూసింది.

“ఏం బిడ్డా, ఈయనది గూడ పీకుతున్నవా?”

“పీకుతలేనవ్వా. మెల్లగ తీస్తున్న.”

“ఏదైతేంది. తీస్తె చీకట్ల నువ్వో ఇంకెవడో ఎట్ల తెల్వాలె?” నా వైపు తిరిగింది. “చూడు కొడుకా, ఈడు దినాం పొద్దుగూకినంకనే వస్తడు. నేను అరుగు మీద కూసొని తొవ్వ మీదికి చేతిబత్తి ఏస్త. ఎర్రగ మెరిసిందంటె వీడే, నా గోలీలు వచ్చినట్టే. ఒకనాడు బత్తి ఏస్తె మెరువలే. బుగులైంది. ఎవడో దొంగనుకొని కుక్కను ఉసిగొల్పిన.”

“పిక్క పట్టింది సార్,” అన్నాడు కొల్లాపూర్. “ఊర్ల ఒక్కలన్న అడిగిన్రంటె అవ్వనే. కుక్కతోని అడిగింది.”

“మరి చెప్పొద్దా తీసేసిన అని? తెల్లారి ఎర్రది మళ్ల పెట్టిందాక ఊకోలే నేను.”

“దాని మీద ఏం రాసి ఉండేదో తెలుసా అవ్వా?” అని అడిగాను.

“రాసుండెనా? ఏమో కొడుకా. మెరుస్తుండె.”

నా డబ్బా వేడెక్కింది. మిషను ఏమీ అక్కర్లేదు, పాలమూరు ఎండ చాలు. దారం ఒక కొస ఆయన, ఒక కొస నేను. ఈసారి నన్ను మెల్లగా అని హెచ్చరించే పని ఆయనకు పడలేదు. నాకు పంపాల్సిన పేజీ లేదు. పట్టీ ఒకే ముక్కగా వచ్చింది. నూనె రాసి రుద్దాం. కింద రంగు కొత్తగా మెరుస్తూ బయటపడింది, అంతే మేర, అదే ఆకారంలో.

కొల్లాపూర్ లోపలికి పోయి ఒక ఎర్ర రేడియం ముక్క, కత్తెర తెచ్చాడు. ఆ ఖాళీ మీద ఆనించి కొలత చూశాడు.

“మీకు గూడ ఒకటి పెట్టాల్నా సార్?”

“ఎందుకన్నా? నాకు బత్తి ఏసే అవ్వ ఎవరున్నరు. ఇగ నన్ను ఎవరు గుర్తుపట్టాలె?”

“గుర్తుపట్టుడు తర్వాత సార్. ఎనకొచ్చే లారోడు గుద్దకుంట పోతె సాలదా?” అన్నాడు, వెనక కాగితం లాగుతూ.